పదిహేనులో తొమ్మిది

పోర్టు కాటా మీద లారీలు తూచడం నా ఉద్యోగం.
ఇరవై కిలోలు తేడా వస్తే ఎవరూ మాట్లాడరు,
డ్రైవరు కిందికి దిగితే సరిపోయే లెక్క కాకపోయినా.
ఆదివారం మాత్రం
అర మిల్లీమీటరు దగ్గర ఆగిపోతాను.

పదమూడేళ్ళ కిందట డాబాగార్డెన్స్‌లో కొన్నప్పుడు
నా సైకిలు కొలతలన్నీ లోకం కొలతలే.
ఇరవయ్యారు అంగుళాల చక్రాలు, వెనక తొమ్మిది గేర్లు,
కంబాలకొండ ఎర్రమట్టిలో ఎక్కడ జారి పడ్డా
సోమవారం సాయంత్రానికి సామాను దొరికేది.

తర్వాత చక్రాలు పెరిగాయి. ఇరవయ్యేడున్నర అన్నారు,
అది నోటికి అలవాటయ్యేలోపు ఇరవైతొమ్మిది అన్నారు.
తొమ్మిది పదయింది, పది పదకొండు, ఆ మీద పన్నెండు.
జాగా అదే.
అల్లిపురం వాటాలోకి ఇంకో మనిషి వచ్చి చేరినట్టు
ఉన్నవాళ్ళే తలా కాస్త సన్నబడ్డారు, చైనుతో సహా.
ఇరుసులు లావయ్యాయి.
ఫోర్కు మెడకి పైన ఒక కొలత, కింద ఒక కొలత.
నా బండి వరండాలో అదే మేకుకి వేలాడుతూనే
పాతదైపోయింది.

ఉప్పుగాలికి బోల్టు బిగుసుకుంటే
కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేస్తాను,
తెల్లారేసరికి మెత్తబడుతుంది.
ఈ కొలతలకి ఏం పొయ్యాలో తెలీదు.

ముందు చక్రం చువ్వలు వరసగా తెగుతుంటే
దిల్షాద్ తన పాత చక్రం తెచ్చిచ్చింది.
పాతదంటే రెండేళ్ళది. ఇరవయ్యేడున్నర.
"అక్కా, దీనికి పోసే డబ్బుతో..." అని
మిగతాది చెప్పకుండా తన ఇరవైతొమ్మిది ఎక్కి వెళ్ళిపోయింది.
ఆ హబ్బులో పదిహేను మిల్లీమీటర్ల కన్నం.
నా ఫోర్కు పట్టేది తొమ్మిది.

కంచరపాలెం మెట్టు దగ్గర అసిరినాయుడి లేతు.
కళ్ళద్దాలకి ఒక కాడ లేదు, దారం కట్టాడు.
హబ్బుని వెలుతురుకెత్తి అందులోంచి నన్ను చూశాడు.
"పదిహేను ఎందుకు సేసారమ్మా?"
గట్టిదనానికట.
"మరి తొమ్మిదికేటి, ఇరిగిందా?"
లేదు.
ఇంకేం అడగలేదు.

గోడ నిండా మేకులు, మేకులకి చీటీలు:
జాలరిపేట బోటు పంపు బుష్షు,
ఎవరిదో వెట్ గ్రైండరు షాఫ్టు,
పళ్ళ డాక్టరు కుర్చీ కింది మర.
కాటా రసీదు వెనక నా కొలతా రాసి
వాటి పక్కన గుచ్చాను.
షిప్‌యార్డు తుక్కులో కొన్న ఇత్తడి కడ్డీ
బొంబాయి రవ్వలా నేల మీద రాలింది.
వేలితో చూశాడు. ఇంకొక్క గీత తీశాడు. మళ్ళీ వేలే.
వెర్నియరు పక్కనే ఉంది, దాని మీద టీ గ్లాసు.
రెండు ఉంగరాలు, నూట అరవై రూపాయలు.
"ఇది ఏ స్టాండర్డు?" అన్నాను నవ్వుతూ.
"దీనికేటి పేరు? నీ బండిది."

ఇప్పుడు ముందు పెద్ద చక్రం, వెనక చిన్నది.
బీచిరోడ్డు చదునులో కూడా
కొండ ఎక్కుతున్నట్టే మొహం ఎత్తి ఉంటుంది.
ఫోర్కు కమానుకీ టైరుకీ మధ్య వేలు దూరదు,
వానపడ్డ రోజు ఆగి ఆగి పుల్లతో బురద గీక్కోవాలి.
దిల్షాద్ పైన బండ మీద కూచుని ఎదురుచూస్తుంది.
ఇదివరకులా వాచీ చూడదు.

వెనకది ఇంకా ఇరవయ్యారే.
నిన్న దొండపర్తి కొట్టులో, పిల్లల సైకిళ్ళ వెనక,
ఆ సైజు టైర్లు రెండు దొరికాయి.
"రెండూ పట్టుకెళ్ళిపోండి మేడం, ఇంక రావు."
ఒక్కటే కొన్నాను, ఎందుకో.
ఇంటికొచ్చేదాకా రెండోదాని ధ్యాసే.

రేపు నాది మధ్యాహ్నం డ్యూటీ.
కొట్టు పదింటికి తీస్తారు.